కాలవ కట్టేసిన వేసవి

ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో ఈమధ్య కుర్రాళ్ళు ఆదివారాలు తెరచాప పడవలు నేర్చుకుంటున్నారు. మా పెద్దమ్మాయి కొడుకు కూడా వాళ్ళలో చేరాడు. వాడికి గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. వారమంతా వైరు చుట్టల మధ్య కూర్చుని విసుగెత్తి, ఆదివారం వచ్చేసరికి నీళ్ళ మీద పడతాడు. "అమ్మమ్మా, నువ్వు పడవలోనే పుట్టావట కదా, ఒకసారి వచ్చి చూడు" అని నన్ను కారెక్కించాడు. పుట్టడం కాదురా, పెరగడం అని దారి పొడుగునా చెప్పాను. వాడికి రెండూ ఒకటే. తీరా చూస్తే ఆ పడవ గేదెలకి పెట్టే కుడితి తొట్టి కంటే కాస్త పెద్దది. తెరచాప మాత్రం తెల్లగా మెరిసిపోతూ, చేత్తో పట్టుకుంటే కొత్త నోటులా చప్పుడు చేసింది. "దీన్ని మచ్చిక చేశారా?" అని అడిగాను. నేర్పే కుర్రాడు నా వైపు తికమకగా చూసి, "ఇది పాలిస్టరండీ. తడిస్తే కుంచించుకుపోదు, లాగితే సాగదు. మొదటి రోజు నుంచీ ఎంత గాలికైనా బిగించొచ్చండీ" అన్నాడు మర్యాదగా. మంచిదే నాయనా అన్నాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. మా అమ్మాయి ఎండదెబ్బేమోనని మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చింది. ఎండదెబ్బ కాదు. ఎన్నో ఏళ్ళుగా తల్చుకోని ఒక వేసవి ఆ మధ్యాహ్నం నా గుండెల మీద కూర్చుంది.

మాది నేత కుటుంబం. మా తాత చీరలు నేసి, మూటలు కట్టి, పడవల మీద బెజవాడ పంపేవాడట. పడవలవాళ్ళు చేసే ఆలస్యానికి ఒళ్ళుమండి చివరికి తనే ఒక పడవ చేయించాడు. తాత పోయాక పడవ మా నాన్నకి వచ్చింది, మగ్గం మా అత్తయ్యకి వెళ్ళింది, అంటే అత్తయ్యని చేసుకున్న మామయ్యకి. పెడన దగ్గర కాలవ గట్టునే వాళ్ళ ఊరు. నేను నడక నేర్చిన కొత్తల్లోనే మా అమ్మ జ్వరంతో పోయింది. పిల్లని అత్తయ్య దగ్గర వదిలిపెట్టమని ఊరంతా చెప్పినా నాన్న వినలేదు. నా నడుముకి ఒక తాడు కట్టి, రెండో కొస తెరచాప కొయ్యకి కట్టి, పడవలోనే పెంచాడు. ఆ తాడు నన్ను పడవ అంచు దాకా వెళ్ళనిచ్చేది, అంచు దాటనిచ్చేది కాదు. నాకు కాస్త బుద్ధి తెలిసి, ఈత వచ్చాకనే అది విప్పాడు. విప్పిన రోజు ఎటు నడవాలో తెలియక కొయ్య దగ్గరే కూర్చున్నానని సూరయ్య ఎన్నోసార్లు చెప్పి నవ్వేవాడు. సూరయ్య అంటే మా పడవ మీద గడ వేసే మనిషి. నాన్న కంటే పెద్దవాడు, నాన్నని తమ్ముడూ అని పిలిచేవాడు. ఆ పడవ మీద ఉన్నది మేం ముగ్గురమే.

బెజవాడ లాకుల దగ్గర బియ్యం బస్తాలు, బెల్లం, చింతపండు ఎక్కించుకుని బందరు దిగేవాళ్ళం. అక్కడ ఉప్పు, ఎండుచేపలు, బట్టల మూటలు ఎక్కించుకుని బెజవాడ ఎక్కేవాళ్ళం. దిగేటప్పుడు నీళ్ళు తీసుకెళ్ళేవి, ఎక్కేటప్పుడు మధ్యాహ్నం లేచే సముద్రపు గాలి తీసుకెళ్ళేది. రెండూ మొండికేస్తే సూరయ్య గట్టెక్కి, భుజాన తాడు వేసుకుని, ముందుకి వంగి పడవని లాగేవాడు. నేను పడుకునేది వెనక తాటాకు కప్పు కింద, బస్తాల పక్కన. గోనెసంచి వాసన, గుగ్గిలం వాసన, పక్కనున్న సరుకు వాసన అన్నీ కలిసి నా జుట్టుకి పట్టేవి. ఏ సరుకు మోస్తున్నామో నన్ను వాసన చూసి చెప్పొచ్చని లాకుల దగ్గర ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నాన్న పొద్దున లేచి ముందు పడవ అడుగున చేరిన నీళ్ళు తోడేవాడు. తోడే ముందు వేలు ముంచి నాలిక మీద రాసుకునేవాడు. తియ్యగా ఉంటే బెల్లం తడుస్తోందని, ఉప్పగా ఉంటే ఉప్పు బస్తాలు కరుగుతున్నాయని అర్థం. ఏ రుచీ లేకపోతేనే పళ్ళు తోముకోవడానికి వెళ్ళేవాడు.

ఆయన మాటలు తక్కువ మనిషి. మాట్లాడితే పడవ గురించే మాట్లాడేవాడు, ఆ మాటలు ఒక్కటి కూడా నేనిప్పటికీ మర్చిపోలేదు. తెరచాప కింది మూల నుంచి వచ్చే తాడుని ఎప్పుడూ ముడి వెయ్యొద్దనేవాడు. మేకుకి ఒక్క చుట్టు చుట్టి చేత్తో పట్టుకో, గాలి ఒక్కసారి కొడితే వదిలెయ్యాలి, ముడి విప్పేదాకా గాలి ఆగదు అనేవాడు. లాకులో నీళ్ళు దిగేటప్పుడు కూడా అంతే; తాడు కట్టేసి కబుర్లలో పడితే నీళ్ళు కిందికి పోతాయి, పడవ గోడకి వేలాడుతుంది. మబ్బు పడితే వాన రాకముందే తాళ్ళన్నీ సడలించాలి, ఎందుకంటే నూలు తాడు తడిస్తే బిగుసుకుని తెరచాప అంచుని చింపేస్తుంది. వంతెన కనపడగానే కొయ్యని వెనక్కి వాల్చాలి, దగ్గరికొచ్చాక చూసుకుందాం అనుకోకూడదు. బరువంతా మధ్యకి రావాలి, ముక్కు ఏమాత్రం బరువెక్కినా పడవ చుక్కాని మాట వినదు. కత్తి ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, వాడినవాడు దాన్ని అక్కడే పెట్టాలి. ఈ చివరిది సూరయ్య ఎన్నడూ పాటించలేదు. నాన్న అతన్ని తిట్టిన తిట్లన్నీ కత్తి గురించే.

ఇదంతా విని నేనేదో గొప్ప బాల్యం గడిపానని మా మనవడు అనుకుంటాడు. వాడికి చెప్పలేనిది ఒకటుంది. నాకు తోడు లేదు. మా ఊరేది అంటే చెప్పడానికి ఊరు లేదు. ఏ ఊరు వచ్చినా పిల్లలు గట్టు మీద గుంపుగా పడవ వెంట పరిగెత్తేవాళ్ళు, చేతులూపేవాళ్ళు, నేనూ ఊపేదాన్ని. నా ఈడు పిల్ల ఎవరైనా ఉంటే పేరేమిటని అరిచేదాన్ని. జవాబు వచ్చేలోపల ఊరు అయిపోయేది. ఊరి చివర దాకా వచ్చి వాళ్ళు ఆగిపోయి, ఇళ్ళకి తిరిగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్తుంటే నేను చూసేదాన్ని. మళ్ళీ అటు వచ్చేసరికి వేరే పిల్లలుండేవాళ్ళు, లేదా ఆ పిల్లలే ఉండి నన్ను గుర్తుపట్టేవాళ్ళు కాదు. అయినా పడవ దిగి ఎక్కడో ఉండాలని నాకెప్పుడూ అనిపించలేదు. నాకంటూ ఉన్న మనుషులు ఇద్దరు, ఆ ఇద్దరూ పడవలోనే ఉన్నారు.

వేసవిలో కాలవ కట్టేసేవాళ్ళు. నీళ్ళు తగ్గి, బురద ఎండి, నెర్రెలు వేసేది. పడవలన్నీ ఎక్కడున్నవి అక్కడ ఒరిగి పడుకునేవి. మేము ప్రతి ఏడూ ఆ రోజులకి అత్తయ్య వాళ్ళ ఊరు చేరుకునేవాళ్ళం. చెక్కల సందుల్లో కుళ్ళిన నార తీసి కొత్త నార కూరడం, గుగ్గిలం నూనెలో కాచి పుయ్యడం, తాళ్ళు విప్పి ఆరేసి చూడటం, అదంతా ఆ రోజుల పని. నేను చెప్పే వేసవిలో వీటికి తోడు తెరచాప పని పడింది. పాత తెరచాప అతుకుల మీద అతుకులు పడి, ఇక సూది పట్టనంది. అది యుద్ధకాలం. నూలు కంట్రోలు మీద ఇస్తున్నారు, మగ్గాలు సగం రోజులు ఖాళీ. మామయ్య ఒక్కో నూలు చిలపా మిగిలించి, దారం రెండు పేటలుగా పురి పెట్టి, తెరచాప గుడ్డ నేశాడు. అది చీరలు నేసే చేతికి అలవాటైన పని కాదు. పోగు పోగుకి బిగిసేందుకు మగ్గం ఊగిపోయేలా పలక దెబ్బ వెయ్యాలి. ఆయన గుడ్డ అంటే ఆ చుట్టుపక్కల పేరు. ఒక పోగు వంకర పోయినా విప్పి మళ్ళీ నేసే రకం. ఆ గుడ్డ మగ్గం దించిన రోజు నాన్న దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని లాగి, ఎండకి ఎత్తి చూసి, "బావా, ఇది నా తర్వాత కూడా ఉంటది" అన్నాడు. మామయ్య ఆ పూట రెండుసార్లు పెరుగు వేయించుకున్నాడు.

గుడ్డ పట్టీలుగా ఉంటుంది. పట్టీలు కలిపి కుట్టడం మా ఇద్దరి పని. పందిట్లో చాప వేసుకుని, నాన్న ఆ చివర, నేను ఈ చివర కూర్చునేవాళ్ళం. దారానికి తేనెమైనం రాయడం, అరచేతికి తోలు ముక్క కట్టుకుని దాంతో సూదిని తొయ్యడం, ఒక పట్టీ అంచు రెండో దాని మీదకి ఎంత ఎక్కాలో వేలితో కొలవడం అప్పుడే నేర్పాడు. చుట్టూ అంచుకి తాడు పెట్టి కుట్టేటప్పుడు గుడ్డని కాస్త వదులుగా తోస్తూ కుట్టాలి, లేకపోతే తాడే గాలిని మోస్తుంది, గుడ్డ ఊరికే ఉంటుంది. నేను కుట్టిన మేర నాన్న వేళ్ళతో తడిమి చూసేవాడు, విప్పమనేవాడు కాదు. నా జీవితంలో నేను అంత సుఖంగా ఉన్న రోజులు వేరే లేవు. ఈ తెరచాప నీళ్ళ మీదకి వెళ్ళినప్పుడు దాని కింద నేనే కూర్చుంటానని, తాడు నా చేతికే ఇస్తాడని అనుకుంటూ కుట్టాను.

కొత్త తెరచాపని మచ్చిక చెయ్యాలని కూడా నాన్న ఆ పందిట్లోనే చెప్పాడు. నూలు గుడ్డ సాగుతుంది. అన్ని వైపులా సమంగా సాగితేనే తెరచాప తెరచాపలా ఉంటుంది. అందుకని మొదట్లో ఎండ ఉన్న పూట, తెల్లవారాక వచ్చే మెత్తటి గాలికి మాత్రమే ఎత్తాలి. అంచులు సడలుగా కట్టాలి. గాలి గట్టిపడగానే దించెయ్యాలి. కొన్నాళ్ళు అలా చేశాక గుడ్డ, తాడు రెండూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. అప్పుడు తుమ్మచెక్క కషాయంలో ముంచి రంగు పట్టించి, ఇక ఎంత గాలికైనా ఎత్తొచ్చు. ఇవేవీ చెయ్యకుండా మొదటి రోజే బిగించి పెద్ద గాలికి పెడితే, గాలి తోసిన చోట సాగిపోయి పొట్ట వేస్తుంది. ఆ పొట్టని ఇక ఎవరూ దిద్దలేరు. పొట్ట వేసిన తెరచాప పడవని ముందుకి తొయ్యదు, పక్కకి తోస్తుంది. ఇంత నూలు పోసి, ఇంత కష్టపడి అలా చేసుకునేవాడు ఉంటాడా నాన్నా అని అడిగాను. "కంగారు పడ్డవాడు చేస్తాడు" అన్నాడు.

నా విషయం అత్తయ్య ఎత్తింది. ఒక మధ్యాహ్నం వాళ్ళు భోజనాల దగ్గర ఉన్నారు, నేను పందిట్లో దారానికి మైనం రాస్తున్నాను. "అన్నయ్యా, పిల్ల ఎదుగుతోంది. ఇంకా ఎన్నాళ్ళు ఆ బస్తాల మధ్య పడుకోబెడతావు? రేపు అది పెద్దమనిషి అయిందంటే ఆ పడవలో ఎవరు చూస్తారు? నువ్వా, సూరయ్యా?" అంది అత్తయ్య. "బళ్ళో వేస్తాను. నాకు ఆడపిల్ల లేదు. నేనేం పరాయిదాన్నా?" అంది మళ్ళీ. "చూద్దాంలే వెంకాయమ్మా" అన్నాడు నాన్న. చూద్దాం అన్నవాడు ఎప్పుడూ ఒప్పుకోడని నా నమ్మకం. బందరు షావుకార్లకి ఆయన చూద్దాం అంటే వద్దనే అర్థం. అందుకని నిశ్చింతగా మైనం రాసుకున్నాను.

కాలవ వదిలిన రోజు పండగలా ఉండేది. ముందు ఎండుటాకులు, నురగ, పుల్లలు తోసుకుంటూ బురద నీళ్ళు పాములా వస్తాయి. పిల్లలు వాటితో పాటు పరిగెత్తుతారు. మర్నాటికల్లా నీళ్ళు నిండి పడవలు ఒకటొకటే లేస్తాయి. మా పడవ లేచి, చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బేదాకా కారి, కుదుటపడింది. ఇక బయల్దేరడమే. నా రేకు పెట్టె నేనే మోసుకెళ్ళి తాటాకు కప్పు కింద నా చోట పెట్టుకున్నాను. నాన్న చూశాడు. లోపలికి వెళ్ళి, ఆ పెట్టె తీసుకుని గట్టెక్కి, అత్తయ్య వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చాడు.

"ఇక్కడ ఉండు రాజ్యం. అత్తయ్య బళ్ళో వేస్తానంది" అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

ఆయన గాలి ఎటుందో చూస్తున్నట్టు పైకి చూశాడు. "తెరచాప నేను కూడా కుట్టాను నాన్నా" అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో అప్పుడు తెలియదు. అదొక్కటే నా దగ్గరున్న హక్కు. "తెలుసమ్మా" అన్నాడు. అంతే. ఆయన నన్ను అమ్మా అని పిలవడం అరుదు.

అప్పటికి మధ్యాహ్నం తిరిగింది. సముద్రపు గాలి జోరుగా లేచి తాటిమట్టలు గలగలలాడుతున్నాయి. కొత్త తెరచాపకి ఆ గాలి పనికిరాదని ఆ గట్టు మీద కుక్కకి కూడా తెలుసు. సూరయ్య మామూలుగా తాడు తీసుకుని, పడవ లాగడానికి గట్టెక్కాడు. ఆ ఊరి దగ్గర కాలవ చాలా దూరం తిన్నగా ఉంటుంది. లాక్కుంటూ వెళ్తే పడవ నడిచే మనిషి వేగంతోనే పోతుంది, నేను పక్కనే నడుస్తూ చాలా దూరం వెళ్ళొచ్చు. ఆ ఆశతో చెప్పులు కూడా వేసుకున్నాను. "తాడొద్దు. ఎక్కు. తెరచాప ఎత్తు" అన్నాడు నాన్న. సూరయ్య నమ్మలేదు. "కొత్త గుడ్డ తమ్ముడూ. ఈ గాలికి ఎత్తితే పాడైపోద్ది" అన్నాడు. "ఎత్తమన్నానా!" అని నాన్న అరిచాడు. ఆయన అరవగా నేను వినడం అదే మొదలు. తానే వెళ్ళి, మోకాలు ఆనించి, అంచు తాళ్ళు ఎంత బిగుస్తాయో అంత బిగించి కట్టాడు. తెల్లటి తెరచాప పైకి లేచి, చప్పుడుతో గాలి పట్టింది. ఖాళీ పడవ ఒక్కసారి ఎగిరినట్టు కదిలింది. నేను పరిగెత్తాను. ఊరి పిల్లలు నాతో పాటు పరిగెత్తి, చేతులూపి, ఊరి చివర ఆగిపోయారు. నేను ఇంకొంచెం దూరం వెళ్ళి ఆగాను. చుక్కాని దగ్గర నాన్న వీపు కనపడింది. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆయనకి తెరచాప అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని కూడా లెక్క చెయ్యకుండా వెళ్ళిపోయాడంటే, నన్ను వదిలించుకోవాలని ఎంత తొందరో అనుకున్నాను. అంతకంటే వేరే అర్థం నాకు తోచలేదు. అత్తయ్య మంచిది. తలకి ఆముదం రాసి, జడ వేసి, నన్ను తన పక్కనే పడుకోబెట్టుకునేది. కదలని నేల మీద నాకు నిద్ర పట్టేది కాదు. మామయ్య మగ్గం చప్పుడు ఆగితే పడవ ఆగిందేమోనని లేచి కూర్చునేదాన్ని. బళ్ళో పిల్లలు మీ ఊరేది అంటే ఈ ఊరే అని చెప్పడం నేర్చుకున్నాను, అది చెప్పిన ప్రతిసారీ అబద్ధంలా ఉండేది. సాయంత్రాలు గట్టు మీదకి వెళ్ళి నిలబడేదాన్ని. నాన్న పడవ రాలేదు. ఏలూరు కాలవ మీద సరుకు దొరికిందట, అటు తిరుగుతున్నాడట అని ఎవరో చెప్పారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా మైలవరం దాకా వెళ్ళినా చేరామని ఫోన్ చేస్తారు, చెయ్యకపోతే దెబ్బలాడతాను. అప్పుడు ఒక మనిషి మలుపు తిరిగి కనపడకుండా పోతే, మళ్ళీ అదే మలుపులో కనపడేదాకా ఉన్నాడో లేడో తెలియదు. ఇది మేలా అది మేలా అని అడిగితే ఫోనే మేలు అంటాను, మొహమాటం లేదు. ఆ రోజులే మంచివి అనేవాళ్ళు ఆ గట్టు మీద నిలబడి చూసి ఉండరు.

నాన్న కంటే ముందు తెరచాప కబుర్లు వచ్చాయి. దాని పొట్ట గురించి కాలవ మీద అందరూ నవ్వుకుంటున్నారు. "మీ నాన్న తెరచాపకి నెలలు నిండినయ్యే పిల్లా, పురుడు మీ అత్తయ్య పోసిద్దా?" అని ఒక పడవవాడు నా మొహం మీదే అన్నాడు. దాంతో పాటు ఇంకో మాట కూడా వచ్చింది. తప్పు గుడ్డదని, మామయ్య నేత బాగాలేదని నాన్న చెబుతున్నాడట. అత్తయ్య నమ్మలేదు. మామయ్య నమ్మాడో లేదో తెలియదు గానీ, ఆ రోజు నుంచి మగ్గం మీద పాటలు పాడటం మానేశాడు. ఆ చుట్టుపక్కల ఇద్దరు పడవల ఆసాములు తెరచాప గుడ్డ నేసిపెట్టమని అడిగినవాళ్ళు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. "మీ అన్నయ్య వస్తే రానీ. గుడ్డ చూసి మాట్లాడతాను" అన్నాడు అత్తయ్యతో. అత్తయ్య దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఏం మొక్కుకునేదో నాకు తెలుసు. అన్నా, మొగుడూ గట్టు మీద అందరి ముందూ పోట్లాడుకోకూడదని.

కార్తీకంలో, ఈశాన్యపు గాలులు మొదలయ్యాక వచ్చాడు. బందరు దిగుతూ. దూరం నుంచే గుర్తుపట్టాను. కషాయం పట్టి ఎర్రబడిన తెరచాప ఒక వైపు ఉబ్బి, పడవ ముక్కు గట్టు వైపుకి లాగుతోంది. నాన్న చిక్కిపోయాడు. పలక, బలపాలు తెచ్చాడు. ఎండురొయ్యలు వేసిన వంకాయ కూరతో అత్తయ్య అన్నం పెడితే తల ఎత్తకుండా తిన్నాడు. మామయ్య ఆయనతో పాటు తినలేదు, ఆయన చెయ్యి కడుక్కునేదాకా ఆగి, "పద బావా, గుడ్డ చూద్దాం" అన్నాడు. నేనూ వెళ్ళాను. గట్టున ఆగిన వేరే పడవలవాళ్ళు పనులు మానేసి చూస్తున్నారు. మామయ్య తెరచాప మీద చెయ్యి వేసి, వేళ్ళ మధ్య పోగులు నలిపి, అంచు వెంట నెమ్మదిగా వెళ్ళాడు. పోగులు తిన్నగానే ఉన్నాయి. పాడైంది ఎక్కడంటే నాన్న మోకాలు ఆనించి బిగించిన అంచు దగ్గర. అది నేను కుట్టిన వైపు, నాకూ కనపడింది. నాన్న నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

సూరయ్య ఉండబట్టలేకపోయాడు. మామయ్య చెవి దగ్గరికి వచ్చి, నాకు వినపడుతుందని కూడా చూసుకోకుండా అన్నాడు: "గుడ్డ తప్పేం లేదయ్యా. ఆ రోజు తాడేసి లాగుతానంటే వద్దన్నాడు. లాక్కుంటా పోతే పిల్ల ఎంత దూరమో గట్టెంట నడిచొస్తది, అది చూస్తా చుక్కాని పట్టలేను, మళ్ళీ ఎక్కించుకుంటాను అన్నాడు. లాకులు దాటేదాకా ఏడుస్తానే ఉన్నాడు."

మామయ్య చెయ్యి అంచు మీద ఆగిపోయింది. అవతలి పడవ నుంచి ఒకాయన గట్టిగా అడిగాడు. "ఏం తేల్చావయ్యా? తప్పు గుడ్డదా, సరంగుదా?" పడవ నడిపే సరంగు తొందరపడి కొత్త తెరచాప చెడగొట్టుకున్నాడంటే ఆ కాలవ మీద ఇక ఎవరూ నాన్నకి విలువైన సరుకు ఎక్కించరు. గుడ్డ బాగాలేదంటే మామయ్య ఇక తెరచాప నెయ్యక్కర్లేదు. మామయ్య తెరచాప వదిలి, చేతులు దులుపుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

"నూలే మంచిది కాదు. కంట్రోలు నూలు. నేను చూసుకోవాల్సింది."

నాన్న ఏదో అనబోయాడు. మామయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పొద్దుపోతోంది, బయల్దేరు బావా" అన్నాడు.

గాలి బాగానే ఉంది. సూరయ్య అలవాటుగా తెరచాప తాడు పట్టుకున్నాడు. నాన్న వద్దని, అతన్ని చుక్కాని దగ్గరికి పంపించి, తాను గట్టెక్కి లాగుడు తాడు భుజాన వేసుకున్నాడు. సరంగు తాడు లాగడం ఆ కాలవ మీద ఎవరూ చూడలేదు. అవతలి పడవవాళ్ళు మళ్ళీ నవ్వుకుని ఉంటారు. నేను ఆయన పక్కన నడిచాను. బళ్ళో ఏం చెప్తున్నారని ఒకసారి అడిగాడు, ఎక్కాలు అన్నాను. ఊరు అయిపోయింది, చేలు అయిపోయాయి, కాలవ మలుపు తిరిగే చోటు వచ్చింది. ఆయన ఆగి, "ఇక వెళ్ళమ్మా, చీకటి పడుతుంది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి ఒక్కదాన్నే ఊరి వైపు నడిచాను. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. చూస్తే ఆయన తాడు వదిలేసి వస్తాడని అప్పటికి నాకు తెలుసు.